క్యాట్ పీకేస్తే బండి తేలికవుద్దా? కారు కింద దాక్కున్న వందేళ్ల కథ

మన ఉంగుటూరు చుట్టుపక్కల, అటు ఏలూరు దాకా, ఇటు తాడేపల్లిగూడెం దాకా, ఏ కుర్రాడు సెకండ్ హ్యాండ్ కారు కొన్నా నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, కారు కింద క్యాట్ అని ఒక డబ్బా ఉంటది కదా, దాన్ని ఇంటి దగ్గరే విప్పేసి ఖాళీ పైపు పెట్టేస్తే పికప్ పెరుగుద్దంట కదా? మైలేజీ కూడా వస్తదంట కదా?"

ఈ "అంట కదా" ఉంది చూశారూ, దీని మీదే ఇవాళ్టి ఎపిసోడ్. ఎందుకంటే ఈ మాట గాల్లోంచి పుట్టలేదు. ఒకప్పుడు ఇది నిజమే. ఎక్కడ నిజం, ఎప్పటిదాకా నిజం, ఆ తర్వాత కూడా మెకానిక్ షెడ్డు నుంచి షెడ్డుకి ఎలా బతికి వచ్చింది అనేది చూద్దాం.

ముందు కారు కిందకి ఒకసారి వంగుదాం. మన వాడుకలో ఆ పైపునంతా కలిపి సైలెన్సర్ అనేస్తాం. నిజానికి అందులో ముక్కలుంటాయి. ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే చోట మానిఫోల్డ్. దాని దగ్గర్లో ఒక ఆక్సిజన్ సెన్సార్. తర్వాత క్యాటలిటిక్ కన్వర్టర్, అదే మనోళ్ల క్యాట్. దాని తర్వాత రెండో సెన్సార్. అక్కడి నుంచి పొడుగు పైపు, చాలా కార్లలో మధ్యలో ఒక చిన్న డబ్బా, చివర్లో బంపర్ కింద పెద్ద డబ్బా. ఆ చివరిదే అసలు సైలెన్సర్. ఇప్పుడొచ్చే చాలా కార్లలో క్యాట్ అయితే ఇంజన్‌కి అతుక్కునే ఉంటుంది, కింద పడుకుంటే కనపడదు కూడా. ఈ ముక్కలన్నీ ఒకేసారి రాలేదు. ఒక్కో ముక్క వెనక ఒక్కో గొడవ ఉంది.

చివరి డబ్బా అన్నిటికంటే పాతది. 1897లో అమెరికాలో, ఇండియానా రాష్ట్రం కొలంబస్ అనే ఊళ్లో రీవ్స్ అనే అన్నదమ్ములు ఇంజన్ చప్పుడు తగ్గించే పరికరానికి పేటెంట్ తీసుకున్నారు. అప్పటికి రోడ్డంతా గుర్రాలదే. ఇంజన్ పేలుతున్నట్టు చప్పుడు చేస్తే గుర్రాలు బెదిరి బళ్లు బోల్తా కొట్టేవి. డబ్బా పెట్టగానే సుఖపడ్డారా అంటే, లేదు. డబ్బా ఇంజన్ బలం తినేస్తుందని అప్పటి డ్రైవర్ల కంప్లయింట్. అందుకని కటౌట్ అని ఒక మీట పెట్టారు. కాలితోనో చేత్తోనో ఆ మీట కదిలిస్తే పొగ డబ్బాలోకి పోకుండా నేరుగా బయటికొచ్చేది. ఊరు దాటాక తెరవండి, ఊళ్లోకొచ్చాక మూయండి అని పెడితే, మనవాళ్లు ఊళ్లోనే తెరిచారు! ఊరుకోలేక నగరాలు ఒక్కోటీ దాన్ని నిషేధించుకుంటూ వచ్చాయి. అంటే సైలెన్సర్ పుట్టిన కొన్నేళ్లకే సైలెన్సర్ తీసేసే సరదా కూడా పుట్టింది. బుల్లెట్ బండి కుర్రాళ్లు కొత్తగా కనిపెట్టిందేం లేదు ఆయ్.

ఇంకో చిన్న ముచ్చట. సినిమాల్లో విలన్ తుపాకీకి బిగించే సైలెన్సర్ చూస్తాం కదా, దాన్ని 1909లో పేటెంట్ చేసిన హైరమ్ పెర్సీ మాక్సిమ్ కార్ల ఇంజనీరే. వేడి గాలిని ఒక్కసారిగా వదలకుండా గదుల్లో తిప్పి నెమ్మదిగా వదలడం. తుపాకీకైనా కారుకైనా సూత్రం అదే. మన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వ రూల్ ఈ డబ్బా గురించే, ప్రతి బండికీ సైలెన్సర్ ఉండాల్సిందే అని. విశాఖలో పోలీసులు మార్చిన సైలెన్సర్లని పట్టుకుని, రోడ్డు మీద వరసగా పేర్చి రోడ్ రోలర్ ఎక్కించిన వీడియోలు మీలో చాలామంది చూసే ఉంటారు.

చప్పుడు సంగతి అంతటితో వదిలేద్దాం. అసలు కథ క్యాట్‌ది.

దీనికి మన పెద్దవాళ్ల కాలం నుంచి మొదలుపెట్టాలి. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోల్‌కి రేషన్ వచ్చింది. అప్పుడు మన దగ్గర బొగ్గు బస్సులు తిరిగాయి. బస్సు వెనక బాయిలర్ లాంటి డ్రమ్ము, అందులో బొగ్గు, ఒకడు నిలబడి బ్లోయర్ తిప్పుతుంటే గ్యాస్ తయారై ఇంజన్‌లోకి వెళ్లేది. ఎనభై తొంభై ఏళ్ల తాతలెవరైనా ఉంటే అడగండి, నవ్వుకుంటూ చెప్తారు. ఇంతకీ ఆ గ్యాస్‌లో ఇంజన్‌ని నడిపించిన ముఖ్యమైన సరుకేంటో తెలుసా? కార్బన్ మోనాక్సైడ్. అదే, మూసిన షెడ్డులో కారు స్టార్ట్ చేసి ఉంచితే మనిషిని చంపే గ్యాస్. రంగు లేదు, వాసన లేదు. అంటే అది సగం మండిన ఇంధనం. ఇంకా మండగలదు. బస్సునే నడిపింది! మన కారు పొగగొట్టంలోంచి బయటికి పోయేదాంట్లో కూడా ఇది ఉంటుంది. అయితే పోయేముందు దారిలోనే దాన్ని పూర్తిగా మండించేస్తే పోలేదా? క్యాట్ ఐడియా మొత్తం ఇదే.

ఈ ఐడియా యూజీన్ హూడ్రీ అనే ఫ్రెంచి ఇంజనీరుది. క్రూడ్ ఆయిల్ నుంచి ఎక్కువ పెట్రోల్ తీసే పద్ధతి కనిపెట్టి, అమెరికా వెళ్లి స్థిరపడ్డాడు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల పెట్రోల్‌కి ఆయన పద్ధతి బాగా పనికొచ్చింది. అదే సమయంలో లాస్ ఏంజెలస్‌లో ఒక వింత. 1943 జులైలో ఊరంతా కళ్లు మండే పొగమంచు కమ్మేసింది. జపాన్ వాళ్లు విషవాయువు వదిలారేమో అని జనం హడలిపోయారు. తర్వాత కొన్నేళ్లకి హాగెన్-స్మిట్ అనే శాస్త్రవేత్త, అప్పటిదాకా అనాసపండు వాసన మీద పరిశోధన చేసుకుంటున్న ఆయన, ఆ పొగ రహస్యం పట్టుకున్నాడు. శత్రువు జపాన్ కాదు. కార్ల పొగ, ఆయిల్ రిఫైనరీల ఆవిర్లు ఎండకి కలిసి ఆ మంట పుట్టిస్తున్నాయి. హూడ్రీ దీనికి మందుగా 1950ల్లో క్యాటలిటిక్ కన్వర్టర్ తయారు చేశాడు, 1956లో పేటెంట్ కూడా వచ్చింది. కానీ కార్లలో పెట్టలేకపోయారు. ఆయన 1962లో పోయాడు, తన డబ్బా కార్ల కిందకి చేరడం చూడకుండానే.

ఎందుకు పెట్టలేకపోయారు? పెట్రోల్‌లో సీసం ఉంది కాబట్టి.

1921లో జనరల్ మోటార్స్‌లో థామస్ మిడ్జ్‌లీ అనే ఆయన, ఇంజన్‌లో వచ్చే టకటక చప్పుడు పోవాలంటే పెట్రోల్‌లో సీసం కలిపిన ఒక ద్రవం కొంచెం వేస్తే చాలని కనిపెట్టాడు. 1923లో అమ్మకం మొదలు. 1924లో అది తయారు చేసే న్యూజెర్సీ ప్లాంట్‌లో పిచ్చెక్కినట్టు అయిపోయి ఐదుగురు కార్మికులు చనిపోయారు. మిడ్జ్‌లీ విలేకర్లని పిలిచి, వాళ్ల ముందే ఆ ద్రవంతో చేతులు కడుక్కుని ఏమీ కాదని చూపించాడు. అంతకుముందే ఆయనకి సీసం విషం ఎక్కి ట్రీట్‌మెంట్ తీసుకున్నాడన్న సంగతి మాత్రం అక్కడ చెప్పలేదు. ఆ తర్వాత దాదాపు వందేళ్లు ప్రపంచం ఆ సీసం పీల్చింది. పిల్లల మెదడు మీద దాని దెబ్బ ఎలా ఉంటుందో ఇప్పుడు డాక్టర్లందరికీ తెలుసు.

సీసానికీ క్యాట్‌కీ బద్ధవైరం. క్యాట్ లోపల తేనెపట్టు లాంటి పింగాణీ దిమ్మ ఉంటుంది, చదరపు అంగుళానికి 400 గదుల లెక్కన సన్నని సందులు. ఆ గోడలకి ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. పొగ ఆ గోడలకి తగిలితేనే పని జరుగుతుంది. సీసం వచ్చి ఆ పూత మీద పొరలా కూర్చుంటే కథ అయిపోయినట్టే, డబ్బా ఉంటుంది గానీ పని చేయదు. కాబట్టి అమెరికా ఏం చేసిందంటే, 1970 చట్టంతో పొగ తగ్గించి తీరాలని కంపెనీల మెడ మీద కత్తి పెట్టి, 1975 మోడల్ కార్ల నుంచి క్యాట్ పెట్టించి, వాటికోసం సీసం లేని పెట్రోల్ బంకుల్లో అమ్మించింది.

ఇదిగో, మన కుర్రాడి ప్రశ్న పుట్టిన చోటు ఇక్కడే. సీసం లేని పెట్రోల్ రేటు ఎక్కువ, సీసం పెట్రోల్ చవక. చవకది పోయించాలంటే క్యాట్ అడ్డం. పైగా అప్పటి క్యాట్లలో కొన్ని తేనెపట్టు రకం కాదు, గోళీల్లాంటి గుళికలు నింపిన డబ్బాలు. వాటిలోంచి పొగ పోవడం నిజంగానే కష్టమయ్యేది. దాంతో అమెరికన్లు ఇంటి వాకిట్లోనే కారు పైకెత్తి, క్యాట్ విప్పి, ఆ స్థానంలో ఉత్త పైపు బిగించేసుకున్నారు. పికప్ పెరిగిందా అంటే, కొన్ని కార్లకి పెరిగింది. డబ్బు మిగిలిందా? మిగిలింది. అప్పటి చట్టం ఇంకా తమాషా. మొదట్లో కంపెనీ, డీలర్ తీయకూడదు అన్నారు. 1977లో మెకానిక్ షాపులని కూడా కలిపారు. సొంత కారుని సొంతింట్లో సొంత పానాతో విప్పుకునేవాడిని మాత్రం 1990 దాకా ఆ దేశపు కేంద్ర చట్టం పట్టుకోలేదు. ఇంట్లో విప్పుకోవడం అనేది పదిహేనేళ్ల పాటు ఒక సందు. ఆ సందులో పుట్టిన మాటే "క్యాట్ పీకితే బండి తేలికవుద్ది" అనేది.

మరి మన దగ్గర? ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం, కాస్త నెమ్మదిగా చెప్తాను.

ఢిల్లీ గాలి గురించి ఎం.సి. మెహతా అనే లాయరు 1985లో సుప్రీంకోర్టుకి వెళ్లాడు. ఆ కేసు సాగి సాగి, 1995 ఏప్రిల్ 1 నుంచి ఢిల్లీ, ముంబై, కలకత్తా, మద్రాసు, ఈ నాలుగు నగరాల్లో కొత్త పెట్రోల్ కార్లకి క్యాట్ తప్పనిసరి అయ్యింది. వాటికోసం సీసం లేని పెట్రోల్ కూడా ఆ నాలుగు నగరాల్లో పెట్టారు. ఇప్పుడు మ్యాప్ తీయండి. మన ఉంగుటూరు మీదుగా పోయే రోడ్డు, ఇప్పుడు ఎన్‌హెచ్-16, అప్పట్లో ఎన్‌హెచ్-5. అటు చివర మద్రాసు, ఇటు పైకి పోతే కలకత్తా. రెండు చివర్లా సీసం లేని పెట్రోల్. మధ్యలో మనం. మద్రాసులో 1995లో కొత్త కారు కొని ఏలూరు తెచ్చుకున్నాయన ఏం పోయించాలి? నాలుగు నగరాల బయట బంకుల్లో సీసం లేనిది దొరికి తీరుతుందన్న హామీ లేదు. సీసం పెట్రోల్ రెండు మూడు ట్యాంకులు పడితే ఆ కారు క్యాట్ చచ్చిపోవడం మొదలవుద్ది. చచ్చిన క్యాట్‌ని మోసుకు తిరగడమెందుకు అనుకునేవాడికి దాన్ని తీసేయమనే సలహా అప్పుడు మరీ తప్పుగా తోచదు. పాత మేస్త్రీలు ఇప్పటికీ ఆ మాట అంటే, వాళ్ల మీద నవ్వకండి. వాళ్లు చూసిన కార్లకి అది కరెక్టే.

కానీ గమనించండి, ఆ నాలుగైదేళ్లు ఢిల్లీ పిల్లాడికి ఒక గాలి, మన పిల్లాడికి ఇంకో గాలి. 1997లో దేశమంతా సీసం మోతాదు తగ్గించారు. 1998 సెప్టెంబర్ నుంచి క్యాట్ నిబంధన 45 నగరాలకి పెరిగింది. చివరికి 2000 ఫిబ్రవరి 1న దేశమంతా సీసం పెట్రోల్ ఆపేశారు. మన పల్లె బంకుకి ఆ హక్కు మహానగరాల తర్వాత ఐదేళ్లకి వచ్చింది. ఆ మధ్యలోనే, 1997-99లో జార్జ్ ఫౌండేషన్ వాళ్లు హైదరాబాద్‌తో సహా కొన్ని నగరాల్లో పిల్లల రక్తం పరీక్షిస్తే సగానికి పైగా పిల్లల్లో సీసం ప్రమాదకర స్థాయిలో తేలింది. అంకెలు చూస్తే కడుపులో తిప్పుద్ది. ప్రపంచంలో చివరగా ఆపింది అల్జీరియా, 2021 జులైలో. నిన్న కాక మొన్న.

సీసం పోయాక క్యాట్ పీకడానికి ఉన్న ఒక్క న్యాయమైన కారణమూ పోయింది. ఆ తర్వాత వచ్చినవన్నీ దానికి కాపలాలే. 2010 నుంచి బండిలో ఓబీడీ వచ్చింది, 2013 నుంచి రెండో దశ. నేను సాఫ్ట్‌వేర్ చేసినవాణ్ని కాబట్టి నా భాషలో చెప్తా. క్యాట్ అనేది ఒక ఫంక్షన్ అనుకోండి. ముందు సెన్సార్ ఇన్‌పుట్ చూస్తుంది, వెనక సెన్సార్ అవుట్‌పుట్ చూస్తుంది. ముందుది ఎగుడుదిగుడుగా కొట్టుకుంటూ ఉండాలి, వెనకది దాదాపు నిలకడగా ఉండాలి. రెండూ ఒకేలా కొట్టుకుంటున్నాయంటే మధ్యలో ఫంక్షన్ పని చేయట్లేదని కంప్యూటర్ పీ-0420 అనే కోడ్ రాసుకుని డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగిస్తుంది. సెన్సార్‌ని మోసం చేసే చిట్కాలు ఉన్నాయి. నేను చెప్పను.

పికప్ సంగతి? ఇప్పటి తేనెపట్టు క్యాట్ పొగకి పెద్దగా అడ్డం రాదు. పైగా మీ కారు కంప్యూటర్ ఆ క్యాట్ ఉందనే లెక్కతోనే పెట్రోల్ కొలిచి పోస్తుంది. తీసేస్తే సౌండు పెరుగుద్ది, పెరిగిన సౌండుని మన చెవి స్పీడు అనుకుంటుంది. అంతే.

చట్టం అమెరికాలా సందులు వదల్లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, కేరళ నుంచి వచ్చిన కేసులో, కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌ని మార్చడానికి లేదని చెప్పింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టంలో, ఓనరే మార్చుకున్నా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పొగ, చప్పుడు నిబంధనలు మీరి నడిపితే మొదటిసారికే 10,000 దాకా జరిమానా, మూడు నెలలు లైసెన్సు కట్.

అయితే ఇంట్లో అసలేం విప్పకూడదా? చివరి డబ్బా, అంటే వెనక సైలెన్సర్, తుప్పు పట్టి చిల్లు పడితే దాన్ని తీసి అదే మోడల్‌కి కంపెనీ ఇచ్చేదే బిగించుకోవచ్చు. తుప్పు మన దగ్గర తొందరగానే పట్టుద్ది. లీటరు పెట్రోల్ మండితే దాదాపు లీటరు నీళ్లు ఆవిరిగా వస్తాయి. ఉంగుటూరు నుంచి కైకరం దాకా పోయొచ్చే చిన్న ట్రిప్పుల్లో పైపు సరిగ్గా వేడెక్కదు, ఆ నీళ్లు డబ్బాలోనే కూర్చుంటాయి. అవి కారడానికే చాలా సైలెన్సర్లకి అడుగున సన్నని చిల్లు పెడతారు. దాన్ని లీకేజీ అనుకుని వెల్డింగ్ పెట్టేసే మహానుభావులు ఉన్నారు! ఇక వానాకాలంలో ఏలూరు నుంచి కైకలూరు పోయే రోడ్డులో చిన ఎడ్లగాడి దగ్గర కొల్లేరు నీళ్లు రోడ్డెక్కితే, ఆ నీళ్లలోంచి పోయిన కారు కింద పైపు గతి చెప్పక్కర్లేదు.

తీసేటప్పుడు మాత్రం, జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరకండి. సిమెంటు ఇటుకలు అసలే వద్దు, చెప్పాపెట్టకుండా పగులుతాయి. సరైన స్టాండ్లు పెట్టండి, చక్రాలకి అడ్డం పెట్టండి. బండి ఆపి రెండు మూడు గంటలు చల్లారనివ్వండి. నట్టు మీద తుప్పు వదిలే నూనె ముందు రోజు రాత్రే కొట్టి ఉంచండి. డబ్బాని వేలాడదీసే రబ్బర్లకి సబ్బు నీళ్లు రాస్తే జారతాయి. నట్టు కదలకపోతే బలం చూపించకుండా షెడ్డుకి పట్టుకెళ్లండి. పెట్రోల్ ట్యాంకు పక్కన ఇంట్లో గ్యాస్ కట్టింగ్ పెట్టే ఆలోచనే వద్దు. బిగించాక స్టార్ట్ చేసేది ఆరుబయటే, మూసిన షెడ్డులో కాదు. బొగ్గు బస్సు గ్యాస్ గుర్తుందిగా.

క్యాట్ పైన, కింద ఒక రేకు ఉంటుంది, గలగలమంటోందని దాన్ని పీకేస్తుంటారు. క్యాట్ పని చేసేటప్పుడు వందల డిగ్రీల వేడిలో ఉంటుంది. దాళ్వా కోతలప్పుడు మన రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు, వరిగడ్డి పడి ఉంటుంది. రేకు లేని కారుని ఎండుగడ్డి మీద ఆపి టీకి వెళ్తే తిరిగొచ్చేసరికి మంట కనపడొచ్చు.

చివరగా సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకి. క్యాట్‌లో ఉన్న ప్లాటినం, పల్లాడియం కోసం దొంగలు తిరుగుతున్నారు. మారుతి ఈకో కింద అది చేతికందేలా ఉంటుందని గుజరాత్, మహారాష్ట్రల్లో మొదలై హైదరాబాద్ దాకా ముఠాలు దొరికాయి. తీసినోడు దొంగైనా, పాత ఓనరైనా, మీరు కొన్నాక అది మీ నెత్తి మీదే. అందుకని డబ్బు ఇచ్చేముందు తాళం తిప్పండి, ఇంజన్ స్టార్ట్ చేయొద్దు. పసుపు ఇంజన్ లైటు ఒకసారి వెలగాలి, స్టార్ట్ చేశాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఆ లైటునే ఎవడో పీకేశాడు. తర్వాత టార్చి వేసి రెండు సెన్సార్లూ లెక్కపెట్టండి, మధ్యలో కొత్త వెల్డింగ్ మచ్చ ఉందేమో చూడండి. పొల్యూషన్ సర్టిఫికెట్ కాగితం చూసి ఊరుకోకండి, మీ ఎదురుగానే కొత్తగా టెస్ట్ చేయించమనండి. బీఎస్-4 పెట్రోల్ కారుకి కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం దాటకూడదు. టెస్ట్‌కి అమ్మేవాడు ఒప్పుకోకపోతే బండి అక్కడే వదిలేసి రండి.